పేరు పిలవని ఫోటో

"అచ్చియ్యమ్మా!"

జోగారావు మాస్టారు అలా పిలవగానే స్టూలు మీద కొయ్యబొమ్మలా బిగుసుకుపోయి కూర్చున్న ఆవిడ చటుక్కున తలెత్తింది. అయినవాళ్ళెవరో గుమ్మంలోకి వచ్చి పిలిచినట్టు ఆ మొహంలోకి ఒక వెలుగు వచ్చింది. అది వచ్చి ఇంకా సర్దుకోకముందే మాస్టారి వేలు మీట నొక్కేసింది. అంతే, ఫోటో అయిపోయింది.

నర్సీపట్నం బస్టాండు వెనక సందులో ఉన్న ఆ స్టూడియోలో నలభై ఏళ్ళుగా ఇదే పద్ధతి. ఊళ్ళో మిగతా ఫోటోగ్రాఫర్లంతా నవ్వండి, గడ్డం ఎత్తండి, ఇటు చూడండి అంటారు. మాస్టారు ఏమీ అనరు. ముందు పేరు అడిగి ఫోటోల కవరు మీద రాసుకుంటారు, ఆ తర్వాతే లైటు వేస్తారు, వేసి ఆ పేరుకి వరస కలిపి పిలుస్తారు. పేరుకి పలికిందే మనిషి మొహమనీ, మిగతాదంతా తోలేననీ ఆయన నమ్మకం.

గౌరీశు ఆయన దగ్గర ఆరేళ్ళుగా పని నేర్చుకుంటున్నాడు. చదువు ఇంటర్‌తో ఆగిపోయింది గాని ఊహలు మాత్రం ఎక్కడా ఆగేవి కావు. శీతాకాలం తెల్లవారుజామున లంబసింగి కొండల మీద మంచు దిగుతుంటే, దాన్ని పట్టడానికి తన పాత కెమెరా చాలదని అతనికి దిగులు. విశాఖపట్నంలో ఒక పెద్ద షోరూములో, అద్దాల బీరువాలో, నల్లటి కెమెరా ఒకటి ఉంది. దాని బొమ్మను ఫోనులో ఎన్నిసార్లు చూసుకున్నాడో లెక్కలేదు. మూడు పెళ్ళిళ్ళ సీజన్లు ఒళ్ళు దాచుకోకుండా తిరిగి డబ్బు కూడబెట్టాడు. తక్కింది వాయిదాల మీద ఇస్తారన్నారు. ఆ దరఖాస్తుకు కావలసిన ఫోటో మాస్టారే తీశారు. "గౌరీశూ" అని ఆయన పిలిచినప్పుడు అతని కళ్ళల్లో కొండా మంచూ కొత్త కెమెరా అన్నీ ఒక్కసారే మెరిశాయి. ఆ మెరుపు ఫోటోలో అలాగే పడింది.

సోమవారం ఉన్న వాటిలో మంచి చొక్కా వేసుకుని మొదటి బస్సుకే వెళ్ళాడు. షోరూములో చల్లగా ఉంది, నేల మీద మన మొహం మనకే కనిపించేలా ఉంది. కోటు వేసుకున్న కుర్రాడు పేరు రాయించుకుని, పిలుస్తాం కూర్చోండన్నాడు. గౌరీశు కూర్చున్నాడు. తన తర్వాత వచ్చినవాళ్ళను పిలిచారు. వాళ్ళ తర్వాత వచ్చినవాళ్ళనూ పిలిచారు. నిక్కరు వేసుకున్న ఒకాయన తాళాలు తిప్పుకుంటూ లోపలికి వస్తే, పేరైనా రాయించుకోకుండా ఆ నల్ల కెమెరానే బీరువాలోంచి తీసి చేతిలో పెట్టారు, పక్కన కాఫీ కూడా పెట్టారు. గౌరీశు లేచి దగ్గరికి వెళ్ళి తనూ ఒకసారి పట్టుకు చూస్తానన్నాడు. కోటు కుర్రాడు ఫోనులోంచి తల ఎత్తకుండానే అది ముట్టుకునేది కాదనీ, చిన్నవి ఆ వారన ఉన్నాయనీ చెయ్యి చూపించాడు. మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు. భోజనాల వేళకు నిక్కరాయన వెళ్ళిపోయాడు. అప్పుడు కాపలా మనిషి వచ్చి భుజం తట్టాడు.

"మీ సారు ఎప్పుడో వెళ్ళిపోయారు గదా, నువ్వింకా ఇక్కడే ఉన్నావేంటి? కారు తియ్యవా?"

తనకు సారెవరూ లేరనీ, కారూ లేదనీ, కెమెరా కొనుక్కోవడానికి వచ్చాననీ చెప్పకుండానే గౌరీశు లేచి వచ్చేశాడు. దారి పొడుగునా బస్సు కిటికీలోంచి చెరకు తోటలు వెనక్కి పోతుంటే, వాటితోపాటు తనూ ఎటో వెనక్కి పోతున్నట్టే ఉంది.

సాయంత్రం మాస్టారు మెత్తటి గుడ్డతో లెన్సు తుడుచుకుంటున్నప్పుడు జరిగినదంతా చెప్పాడు. చెప్పి, చివర ఒక ప్రశ్న అడిగాడు.

"ఎదురుగా కూర్చున్న మనిషి, అంతసేపూ, కళ్ళున్నవాళ్ళకి కనపడకుండా ఎలా పోతాడండీ?"

మాస్టారు లెన్సును దీపానికి అడ్డం పెట్టి చూశారు. ఎక్కడో మరక కనిపించిందేమో, మళ్ళీ తుడవడం మొదలుపెట్టారు. జవాబు చెబుతారని గౌరీశు చాలాసేపు నిలబడ్డాడు.

మర్నాడు మాస్టారు పిల్లల గ్రూపు ఫోటోలు తీయడానికి బడికి వెళ్ళారు. స్టూడియోలో గౌరీశు ఒక్కడే ఉన్నాడు. రాత్రంతా నిద్ర లేదు. ఆ షోరూము గురించి నలుగురికీ తెలిసేలా ఫోనులో రాస్తున్నాడు. ఐదు చుక్కల రేటింగులో ఒక చుక్క మాత్రమే ఇచ్చి, మనిషికి మనిషి విలువ తెలియని చోటని మొదలుపెట్టాడు. రాసింది చెరిపి, ఇంకా బాగా గుచ్చుకునేలా మళ్ళీ రాశాడు. ఆ మాటల్లో తన దుఃఖం తనకే ఎంతో అందంగా కనిపించింది.

బల్ల మీద ఒక ముసలామె వచ్చి కూర్చుందన్న సంగతి అతనికి తెలుసు. కూర్చోమని తనే అన్నాడు. ఆమె మన్యం దారిలోని ఏదో ఊరి నుంచి వచ్చింది. కొడుకు జైల్లో ఉన్నాడట. పదిహేను రోజులకు ఒకసారి చూడనిస్తారట. ఈ శనివారం చూడాలంటే అనుమతి కాగితం మీద కొత్త ఫోటో ఉండాలట. వెలుగు పడితే తనకు రెప్పలు వాలిపోతాయని, కాస్త పిలిచి తియ్యమని కూడా చెప్పింది. అవన్నీ గౌరీశు చెవిదాకా వచ్చి అక్కడే ఆగిపోయాయి. గంట దాటాక, బస్సు వెళ్ళిపోతుంది బావూ అని ఆమె అంటే లేచాడు. స్టూలు మీద కూర్చోబెట్టాడు, లైటు వేశాడు, నొక్కాడు. పేరు పిలవలేదు. పిలవడానికి అసలు అడిగితే గదా.

కంప్యూటరులో చూస్తే ఆమె కళ్ళు మూసుకుని ఉన్నాయి. తీసింది ఆ ఒక్కటే. మళ్ళీ తీయాలంటే బల్లదాకా పది అడుగులు వెయ్యాలి. ఆ పది అడుగులూ అతనికి వేయబుద్ధి కాలేదు. పెళ్ళి ఫోటోల్లో ఎవరో ఒకరు రెప్ప వాల్చడం, వేరే ఫోటోలోంచి తెరిచిన కళ్ళు తెచ్చి అతికించడం ఈ పనిలో మామూలే. పెళ్ళిలో అయితే ఆ మనిషి కళ్ళే ఇంకో ఫోటోలో దొరుకుతాయి. ఇక్కడ అవీ లేవు. తెర మీద ఒక వారగా తన దరఖాస్తు ఫోటో తెరిచి ఉంది. అందులోంచి తన కళ్ళు తీశాడు, కొంచెం చిన్నవి చేశాడు, చుట్టూ ముడతలు సర్ది ఆమె మొహంలో పెట్టాడు. అతుకు తెలియలేదు. ఆ పనితనానికి తనకే కాస్త ముచ్చటేసింది. ఎనిమిది కాపీలు తీసి కవరులో వేసి, పేరు రాయవలసిన చోట 'ముసలామె' అని రాశాడు. ఆమె తన మొహం చూసుకునే అలవాటు ఎప్పుడో పోయినదానిలా, కవరు విప్పకుండానే రొండిన దోపుకుని బస్సుకి పరిగెత్తింది. గౌరీశు మళ్ళీ ఫోను తీసి, మిగిలిన రెండు వాక్యాలూ పూర్తి చేశాడు.

ఆదివారం ఉదయం ఆమె తిరిగి వచ్చింది. మాస్టారు ఉన్నారు. ఆమె బల్ల మీద కూర్చోలేదు, గుమ్మంలోనే నిలబడింది. జైలు గేటు దగ్గర కాగితం తీసుకున్నవాడు ఫోటో కేసి చూశాడట, ఆమె కేసి చూశాడట. ఈ బొమ్మలో మనిషి కళ్ళు నవ్వుతున్నాయి, నువ్వు ఏడుస్తున్నావు, ఎవరి కాగితం పట్టుకొచ్చావని అడిగాడట. ఎండ వాలేదాకా గేటు బయటే కూర్చుందట. మళ్ళీ పదిహేను రోజులదాకా కొడుకును చూడటానికి లేదు. కొడుకు కోసం చేసి పట్టుకెళ్ళిన అరిసెలు మూటలో అలాగే ఉన్నాయి. ఆమె కోపంగా చెప్పలేదు. కోపపడే హక్కు తనకు ఉందని కూడా తెలియనట్టు, తన వల్లే ఏదో తప్పు జరిగినట్టు చెప్పింది. చెప్పి, ఆ ఫోటోను కవరుతో సహా గౌరీశు చేతికి అందించింది.

"ఇందులో మనిసి నాను కాదంట బావూ. నాను కాకపోతే మరెవులో నువ్వైనా సెప్పు."

ఫోటో గౌరీశు చేతిలోంచి మాస్టారి చేతిలోకి వెళ్ళింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూశారు. ఆ మెరుపును ఆయన ఎరుగుదురు. పది రోజుల కిందట పేరు పెట్టి పిలిచి, దాన్ని పట్టింది ఆయనే. తర్వాత కవరు తిప్పి, పేరు ఉండవలసిన చోట రాసి ఉన్న మాటను చదువుకున్నారు. గౌరీశు కేసి చూడలేదు. ఆమెను లోపలికి తీసుకొచ్చి స్టూలు మీద కూర్చోబెట్టారు, ఎండకు వాడిన ఆ మొహం మీద లైటు సర్దారు. కెమెరా తెచ్చి శిష్యుడి చేతిలో పెట్టి పక్కకు తప్పుకున్నారు.

గౌరీశు కెమెరా కంటికి ఆనించాడు. చిన్న కిటికీలాంటి ఆ గాజులో మొదటిసారి ఆమె కనిపించింది. నుదుటి మీద పాత మచ్చ ఉంది. చెవులకు తమ్మెలు సాగి ఉన్నాయి. కళ్ళు ఎర్రబడి, వెలుగుకు భయపడుతూ, అయినా మూయకుండా ఎదురుచూస్తున్నాయి. ఎవరో పిలుస్తారని కూర్చున్న కళ్ళు. అలా కూర్చోవడం ఎలా ఉంటుందో అతనికి తెలుసు. పిలవాలి. పిలవబోయి నోరు తెరిచాడు, తెరిచిన నోటిలోకి ఏ పేరూ రాలేదు. లైటు సన్నగా రొద చేస్తోంది. ఆమె రెప్పలు వణుకుతున్నాయి.

వెనకనుంచి మాస్టారు మెల్లగా అన్నారు. "మొన్న నన్నొకటి అడిగావు గదా. జవాబు నువ్వే ఆవిడకి చెప్పు."

గౌరీశు కెమెరా దించాడు. స్టూలుదాకా నడిచి ఆమె ఎదురుగా నిలబడ్డాడు.

"అమ్మా, ఆ ఫోటోలో కళ్ళు నావి. ఆ రోజు మీరు గంటసేపు నా ఎదురుగానే కూర్చున్నారు, నేను మిమ్మల్ని చూళ్ళేదు. మీ పేరైనా అడగలేదు."