మాణిక్యాంబ గారింటి కాకి మాట

భైరవయ్య గారు తర్కం చెప్పేవారు. చూరుకు వరికుచ్చు వేలాడదీసి, పిచ్చుకలు ఎంత గోల చేసినా పాఠం ఆపేవారు కాదు. వాటిలో ఒకటి అద్దంలో తన నీడతో తానే పోట్లాడుతుంటే, పాపం ఆయాసపడుతోందని ఆ అద్దానికి కండువా కప్పేశారు. అటువంటి మనిషిని శిష్యుడు కాశీపతి ఒకనాడు నిలదీశాడు.

“కాకి అరిస్తే చుట్టాలొస్తారంటారు. అది నిజమా, అబద్ధమా? ఒక్క మాటలో చెప్పండి గురువుగారూ.”

ఒక్క మాటలో తేల్చేస్తే ఆయన భైరవయ్య గారెందుకవుతారు? తీరిగ్గా ఇలా చెప్పారు.

పక్క వీధిలో మాణిక్యాంబ అని ఒక ఇల్లాలు ఉంది. ఆమె గృహప్రవేశం నాడు పెద్దాడపడుచు శేషమ్మను పొరపాటున రెండో బంతిలో కూర్చోబెట్టారు. అంతే, శేషమ్మ మళ్ళీ ఆ గడప తొక్కలేదు. వెళ్ళి పిలవడానికి మాణిక్యాంబకు మొహం చెల్లలేదు. కాని వదిన రాని పండగ వచ్చినప్పుడల్లా ఆమెకు ఏడుపొచ్చేది.

ఒకరోజు పొద్దున్నే పెరటి గోడమీద కాకి ఆపకుండా అరిచింది. మాణిక్యాంబ ఆశగా గుత్తివంకాయ కూర, పులిహోర చేసి, వీధి తలుపు తీసి కూర్చుంది. మధ్యాహ్నమైనా ఎవరూ రాలేదు. “అది నువ్వు ఎండబెట్టిన వడియాల కోసం అరిచిందే, పిచ్చిదానా,” అని భర్త నవ్వాడు.

మాణిక్యాంబకు రోషమొచ్చింది. కొంగు బిగించి, తిన్నగా శేషమ్మ ఇంటికి వెళ్ళింది.

“వదినా, మా కాకి మాట పోతోంది. నువ్వు భోజనానికి రావాలి.”

శేషమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. లోపల పీటలు వాల్చి, విస్తళ్ళు వేసి ఉన్నాయి.

“నేనెలా వచ్చేదే మాణిక్యం? మా పెరట్లోనూ పొద్దుటి నుంచీ కాకి అరుస్తూనే ఉంది. వండి పెట్టుకుని, వస్తే నువ్వే వస్తావని చూస్తున్నాను. ముందు కూర్చో, మొదటి బంతి నీదే.”

ఇద్దరూ ఆ గుమ్మంలోనే నవ్వారు, ఏడ్చారు. ఆ పూట రెండిళ్ళలోనూ తిన్నారు. నవ్విన భర్త కూడా రెండు చోట్లా మారు వడ్డించుకున్నాడు.

కాశీపతికి ఇది చాలలేదు. “ఇంతకీ ఎవరి కాకి చెప్పింది నిజమైనట్టు?”

“అది తేల్చమనే వదినామరదళ్ళు నన్ను భోజనానికి పిలుస్తుంటారు,” అన్నారు భైరవయ్య గారు. “నేనింకా తేల్చలేదు.”