పిల్లలకు అందని సీసా

గోగులలంకలో నూకరాజు ఇంటివాళ్ళకి ఒక గర్వం ఉండేది. ఊళ్ళో అందరూ చదువుతారు గానీ, చదివింది చదివినట్టు చేసేది తామేనని. ఒకసారి బియ్యం బస్తా మీద 'కొక్కేలు వాడరాదు' అని ఉంటే ఇంట్లో కొక్కేలన్నీ పీకేశారు. బస్తా ఖాళీ అయ్యేదాకా చొక్కాలు నేలమీదే. పొరుగువాళ్ళు నవ్వితే, "మీ బస్తా మీదా అదే రాసుంది. చదవరు కాబట్టి సుఖంగా ఉన్నారు," అంది నూకరాజు భార్య వరాలమ్మ.

నూకరాజు కొబ్బరికాయలు దింపే మనిషి. అలాంటివాడికి అరికాళ్ళు మొద్దుబారాయి. ఓరోజు తోట నుంచి ఒక్క చెప్పుతో ఇంటికొచ్చాడు. రెండోది ఎక్కడ జారిందో కాలికి తెలియలేదు. చెట్టెక్కితే కాలి కింద చెట్టుందో గాలుందో తెలియడం లేదు. "చెట్టెక్కలేనివాణ్ణి, ఇంట్లో కూచుని ఏం చెయ్యను?" అని దిగులు పెట్టుకున్నాడు.

డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించింది. "షుగరు వల్ల నరాలు దెబ్బతిన్నాయి. బి-ట్వెల్వ్ విటమిన్ కూడా తక్కువగా ఉంది. ఈ మాత్ర రోజుకొకటి, అన్నం తిన్నాక. షుగరు మందు మానకూడదు. కాళ్ళకి దెబ్బలేమైనా తగిలాయేమో రోజూ చూసుకోండి. నేను చెప్పేదాకా చెట్టెక్కొద్దు," అంది.

ఇంటికి రాగానే పెద్దకొడుకు త్రిమూర్తులు సీసా మీద రాసింది పైకి చదివాడు. "పిల్లలకు అందకుండా ఉంచండి. చల్లని, పొడి చోట, వెలుతురు తగలకుండా ఉంచండి. మూత గట్టిగా బిగించండి."

"మనింట్లో పిల్లలెవరు?" అన్నాడు నూకరాజు.

"నేనూ, తమ్ముడూ," అన్నాడు త్రిమూర్తులు మీసం సర్దుకుంటూ.

ఇంకేముంది, సీసాని అటక మీద పెట్టారు. చిన్నకొడుకు దుర్గబాబు చెయ్యి చాపి, "అందింది నాన్నా," అన్నాడు. ఇంటికప్పు మీద పెట్టారు. "అందింది." త్రిమూర్తులు పెరట్లో కొబ్బరిచెట్టెక్కి మట్టల మధ్య మొవ్వులో పెట్టొచ్చాడు. వాడిలా దిగాడో లేదో దుర్గబాబు అలా ఎక్కేశాడు. "ఇదీ అందింది."

"మీకు చెట్లెక్కడం నేర్పి నా కొంప నేనే ముంచుకున్నాను," అన్నాడు నూకరాజు.

"కట్టెయ్యాల్సింది పిల్లల్నయ్యా. సీసా ఎక్కడికీ పోదు," అంది వరాలమ్మ.

అంతే. ఇద్దర్నీ చెరో స్తంభానికి కట్టేసి, సీసాని గూట్లో పెట్టింది. కొడుకులు ఎంత గింజుకున్నా అందలేదు. అందరూ సంతోషించారు. నూకరాజు అన్నం తిని, చెయ్యి కడుక్కుని, సీసా తీసుకోబోయాడు.

"ఆగరా," అంది మంచం మీంచి వాళ్ళమ్మ సూరాయమ్మ. "నువ్వెవరి పిల్లాడివి?"

నూకరాజు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వరాలమ్మ నోరు నొక్కుకుంది. "అవునత్తా, నేనూ మా అమ్మకి పిల్లనే. ఇందాక సీసా నా చేతిలోనే ఉంది. ఎవరైనా చూశారా?"

"చూశాం. కట్టేసి ఉన్నవాళ్ళం, ఏం చెయ్యగలం?" అన్నాడు దుర్గబాబు.

"అమ్మా నాన్నా లేనిదాన్ని ఈ ఇంట్లో నేనొక్కదాన్నే," అంటూ సూరాయమ్మ లేచింది. కొడుకు చేతులు తువ్వాలుతో వెనక్కి కట్టింది. "చేతికి అందకుండా నోట్లో వేస్తాను, మింగు," అంది. అలా మొదటి మాత్ర లోపలికి వెళ్ళింది.

కట్లు విప్పుతుంటే త్రిమూర్తులుకి అనుమానం వచ్చింది. "నాన్నా, మాత్ర ఇప్పుడెక్కడుంది?"

"నా కడుపులో."

"అయితే నువ్వే మాకు అందకూడదు. చల్లగా, పొడిగా, చీకట్లో ఉండాలి."

"మరి మూతో?"

"నోరు మూసుకో నాన్నా."

ఇంకేముంది, నూకరాజుని ఖాళీ ధాన్యం గాదెలోకి దించి, నోటికి తువ్వాలు కట్టి, గాదె మూశారు. రోజూ సూరాయమ్మ ఒక్కతే వెళ్ళి, తువ్వాలు విప్పి, అన్నం పెట్టి, మాత్ర వేసి, మళ్ళీ బిగించి వచ్చేది. డాక్టరమ్మ చెప్పింది గనక కాళ్ళు కూడా చూసేది. ఆ చీకట్లో కాళ్ళే కనబడేవి కావు. "దెబ్బలేమీ కనబడలేదే," అని కోడలికి చెప్పేది.

ఓ పొద్దున సూరాయమ్మ సీసా తిప్పి పట్టుకుంటే, దూరం నుంచే దుర్గబాబు అడుగున ఉన్నది చదివి గొల్లుమన్నాడు. అది విని అందరూ గొల్లుమన్నారు. గాదెలోంచి నూకరాజు కూడా, సంగతేమిటో తెలియకపోయినా, మూలిగాడు. అతన్ని అలాగే వదిలేసి అందరూ పడవెక్కి ఆసుపత్రికి పరుగెత్తారు.

"డాక్టరమ్మగారూ, మా ఆయన పోతాడండీ," అంది వరాలమ్మ.

"ఏమైంది? కాలికి పుండు పడిందా?"

"లేదండి. ఇప్పటికి గుండ్రాయిలా ఉన్నాడు. మార్చి నెలాఖరుకి పోతాడు."

"ఎవరు చెప్పారు?"

సూరాయమ్మ సీసా చూపించింది, మనవలకి అందకుండా ఎత్తి పట్టుకుని. "గడువు రాసుంది కదమ్మా. అన్ని మాత్రలు లోపల పెట్టుకుని మనిషెలా ఆగుతాడు?"

డాక్టరమ్మ గాదె సంగతంతా రెండుసార్లు చెప్పించుకుంది. "గడువు మాత్రకమ్మా, మనిషికి కాదు," అంది. "ముందు ఆయన్ని బయటికి తీయండి. కాళ్ళు వెలుతురులో చూడండి. నాలుగడుగులు నడిపించండి. నడవనివాడు చెట్టేం ఎక్కుతాడు?"

వరాలమ్మ కళ్ళు తుడుచుకుని గుమ్మం దాకా వెళ్ళి, తిరిగొచ్చి, బల్లమీదకి వంగి గొంతు తగ్గించింది.

"మీ మాట కాదనడం లేదండి. ఎందుకైనా మంచిది, పాతికేళ్ళ గడువున్న సీసా ఏదైనా ఉంటే ఇవ్వండి. ఆయన మళ్ళీ చెట్టెక్కాక, దిగేదాకా అయినా ఆగాలి కదా."