ఎర్రకుంట బావి నీళ్లు

మంజీర ఒడ్డున నిర్వాణప్ప ఆశ్రమంలో మందులుండేవి కావు. మట్టిపట్టీ, ఉపవాసం, ఎండ, నీళ్లు. వీటితోనే ఆయన వైద్యం చేసేవాడు. శిష్యుడు బసలింగానికి అక్కడ చేరిన నాటినుంచి పడిశం కూడా పట్టలేదు. దాంతో అతనికి ఒంటిని చూసుకుని గర్వం, అంతకు మించి మాటను చూసుకుని గర్వం పెరిగాయి.

ఆ ఎండాకాలం పక్కనున్న ఎర్రకుంటలో గత్తర లేచింది. మనుషులు వాంతులతో, విరేచనాలతో పూటలోనే పోతున్నారు. పట్నం నుంచి వచ్చిన డాక్టరు బావి నీళ్లలో కంటికి కనబడని పురుగులున్నాయని, కాచి తాగమని చెప్పిపోయాడు. నిజమేనా అని ఊరివాళ్లు ఆశ్రమానికొచ్చి అడిగితే బసలింగం నవ్వాడు.

“రాబందు వాలిందని గొడ్డు చస్తుందా? గొడ్డు చచ్చింది గనుకే రాబందు వాలుతుంది. పురుగులూ అంతే. ఒంట్లో కుళ్లు లేనివాణ్ణి అవేం చేస్తాయి?”

కొడుకును పోగొట్టుకున్న తుల్జవ్వ గుంపులోంచి అడిగింది. “నా కొడుకు ఇంకా పాల పండ్లోడు సామీ. వాని ఒంట్ల ఏం కుళ్లుంటది?”

“నువ్వేం వండిపెట్టావో గుర్తు తెచ్చుకో తల్లీ.”

ఆమె తన రెండు చేతులూ చూసుకుంటూ వెనుదిరిగింది.

ఆ సంగతి కొన్నాళ్లకు గురువు చెవిన పడింది. శిష్యుణ్ణి పిలిచాడు.

“ఎందుకట్లా అన్నావ్?”

“మీరు చెప్పిందే కదప్పా. ఒళ్లు శుభ్రంగా ఉంటే రోగం నిలవదని.”

“చెప్పాను,” అన్నాడు నిర్వాణప్ప. కండువా భుజాన వేసుకుని, “పద,” అన్నాడు.

వాళ్లు ఎర్రకుంట చేరేసరికి మిట్టమధ్యాహ్నం. ఒక్క కుక్కా మొరగలేదు. బతికినవాళ్లు చేల గట్ల మీద గుడిసెలు వేసుకుని వెళ్లిపోయారు. తలుపులన్నీ బార్లా తెరిచే ఉన్నాయి. ఒక అరుగు మీద పరిచిన బొంత, ఎవరో ఇప్పుడే లేచినట్టు నొక్కుకుని ఉంది. ఒక గడప ముందు పెద్దవీ చిన్నవీ చెప్పులు వరసగా ఉన్నాయి. గాలి లేదు. అయినా ఏ ఇంట్లోనో ఉయ్యాల గొలుసు కిర్రుమంటోంది. బసలింగం అటు చూడకుండా నడిచాడు.

ఒక్క ఇంట్లోనే మనిషి అలికిడి. తుల్జవ్వ పెరట్లో కూర్చుని బూడిదతో గిన్నెలు తోముతోంది. తోమినవే మళ్లీ తోముతోంది. వేళ్లు పగిలి బూడిద ఎర్రబడింది. గోడకు ఆనుకుని ఆమె చిన్న కూతురు, పెదాలు ఎండిపోయి, కళ్లు మాత్రమే కదుపుతోంది. పొయ్యి చల్లగా ఉంది.

“పిల్లకేం పెట్టావమ్మా?” అని అడిగాడు నిర్వాణప్ప.

“ఏం పెట్టలే. నా చేతివంట మంచిది కాదట.”

ఆ గొంతులో ఏడుపు లేదు. కోపం కూడా లేదు.

గురువు అతణ్ణి బావి దగ్గరికి తీసుకెళ్లాడు. తానే నీళ్లు చేది, చెంబు నింపి చేతికిచ్చాడు.

“తాగు.”

నీళ్లు తేటగా ఉన్నాయి. వాసన లేదు, నలుసు లేదు. బసలింగం చెంబు ఎత్తాడు. పెదాల దాకా వచ్చి చెయ్యి ఆగిపోయింది. అంత తేట నీళ్లలోంచి ఏదో తననే చూస్తున్నట్టనిపించింది. మళ్లీ ఎత్తబోయాడు. చెయ్యి లేవలేదు.

నిర్వాణప్ప చెంబు తీసుకుని నీళ్లు పారబోశాడు.

“నీ చేతికి తెలిసిన సంగతి ఆమెకెందుకు చెప్పలేదు?”

బసలింగం అదే బావి నీళ్లు ఒక కుండలోకి చేదుకున్నాడు. తుల్జవ్వ పెరట్లోకి వెళ్లి పొయ్యి రాజేశాడు. నీళ్లు తెర్లి తెర్లి పొంగేదాకా అక్కడే కూర్చున్నాడు. తర్వాత ఆ కుండ ఆమె ముందు పెట్టాడు.

“గంజి కాయి తల్లీ. ముందు నాకు పొయ్.”

ఆమె మొదటిసారి తలెత్తి చూసింది. లేచి బియ్యం వేసింది. గంజి కాస్త చల్లారాక అతను దోసిలి పట్టాడు. ఆమె పోసింది. అతను చుక్క మిగల్చకుండా తాగాడు.

తుల్జవ్వ అతని ముఖంలోకే చూస్తూ నిలబడింది, ఇతనూ పోతాడేమోనని ఎదురుచూస్తున్నట్టు. బసలింగం ఆ చూపు కింద కదలకుండా కూర్చున్నాడు.

ఎండ గోడ దిగింది. అప్పుడామె పిల్లను ఒళ్లోకి తీసుకుని గంజి కుండ దగ్గరికి జరుపుకుంది.