నందిముద్రకు జవాబు

ఏ కాలపు మాటో ఎవరికీ సరిగ్గా తెలియదు గానీ, ఎర్రకొండల నడుమ కేతవరమని ఒక చిన్న రాజ్యం ఉండేది. దాన్ని ఏలే విక్రమకేతుడికి తన నందిముద్ర అంటే మహా మురిపెం. ఆ ముద్ర చూడకుండా ఏ ఇంట్లోనూ పొద్దు గడవకూడదని ఆయన పంతం.

రోజూ పంపడానికి అన్ని ఆజ్ఞలు ఎక్కడివి? మంత్రి గుండన ఉపాయం చెప్పాడు. వర్తకులు తమ సరుకుల గొప్పలు తాటాకుల మీద రాసిస్తారు, వాటి మీద నందిముద్ర వేసి ఇంటింటికీ పంపుదామన్నాడు. రాజు ఉబ్బిపోయాడు.

జనం పాట్లు అక్కడే మొదలయ్యాయి. నందిముద్ర ఉన్న లేఖ వస్తే కాళ్లు కడుక్కుని, నిలబడి, రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకోవాలి. పారేయకూడదు, పొయ్యిలో పెట్టకూడదు. అది తాతల నాటి ఆచారం.

తమలపాకు తోట పెంచుకునే తిరుపాలయ్యకు కూడబలుక్కుని చదవడం, రాయడం వచ్చు. ఆయనకు వచ్చిన మొదటి లేఖలో ‘కేశవర్ధని తైలము. వెంటనే కొనవలెను’ అని ఉంది. రాజముద్ర వేసి కొనవలెనంటే ఏం చేస్తాడు? సంతకు పోయి కొనుక్కొచ్చాడు.

“నెత్తిన నాలుగు వెంట్రుకలు లేవు, ఎక్కడ రాస్తావయ్యా?” అంది భార్య నాగులమ్మ.

“నాకేం తెలుసే? రాజుగారు కొనమన్నారు. ఎక్కడ రాయాలో రేపటి లేఖలో చెబుతారేమో.”

మర్నాడు రెండు గుర్రాల రథం కొనమని వచ్చింది. తిరుపాలయ్య దగ్గర అంత డబ్బు లేదు. లేఖలు మోసుకొచ్చే అంచెవాడు ఎర్రన్నను పట్టుకుని అడిగాడు.

“అది రాజుగారి మాట కాదు తాతా. షావుకారు మాట.”

“ముద్ర?”

“ముద్ర రాజుగారిదే.”

“మరి నేను కళ్లకద్దుకున్నది ఎవరిని?”

ఎర్రన్న బుర్ర గోక్కుని వెళ్లిపోయాడు.

లేఖలు రోజుకు పది, పదిహేను, ఇరవై అయ్యాయి. అటక నిండింది. కాలువ నీళ్ల వంతు ఎవరికి ఏ రోజో చెప్పే లేఖ కూడా ఆ ముద్రతోనే వస్తుంది. అది రథాల లేఖల మధ్య ఇరుక్కుపోయింది. తిరుపాలయ్య కంటపడేసరికి తన వంతు దాటి మూడు రోజులైంది.

ఆయన కాలువ గట్టుకు పరుగెత్తాడు. నీళ్లు పంచే నీరుగంటి తల అడ్డంగా ఊపాడు.

“లేఖ వచ్చింది కదా పెద్దాయనా, ఆ రోజే రావాల్సింది. మళ్లీ వంతు పదిహేను రోజులకు. రాజుగారు చెబితే తప్ప నీ తోటకు నీళ్ల మడవ తెరవను.”

తోటలో తీగలు అప్పుడే తలలు వాల్చాయి. నాలుగు రోజులకు మించి బతకవు. ఆ తోట పోతే ఇంట్లో పొయ్యి వెలగదు.

తిరుపాలయ్య గడపలో కూర్చుని చాలాసేపు ఆలోచించాడు. ఎర్రన్న రాగానే, “ఈ లేఖలకు జవాబు రాస్తే తీసుకుపోతావా?” అని అడిగాడు.

“తీసుకుపోవాల్సిందే. ముద్ర ఎవరిదో వాళ్లే అందుకోవాలి. ఇంతవరకు ఎవరూ రాయలేదు గానీ...”

“ఎలా అందుకోవాలి?”

“మనలాగే. కాళ్లు కడుక్కుని, నిలబడి.”

ఆ మధ్యాహ్నం ఊరంతా తిరుపాలయ్య అరుగు మీదే ఉంది. వాళ్లు చెబుతుంటే ఆయన రాశాడు. ‘ప్రభూ, తమరి రథం కంటే మా సందు ఇరుకు. మన్నించండి.’ ‘ప్రభూ, తమరు పంపిన పట్టుచీర కబురు అందింది. మా ఆవిడకు వద్దట. రాణిగారికి ఇప్పించండి.’ ‘ప్రభూ, నాకు బట్టతల.’ అటక మీది లేఖలన్నిటికీ జవాబులు అయ్యాక, తన కోసం ఒకటి రాసుకుని మూటలో దోపాడు. ఎర్రన్న మూలుగుతూ మోసుకుపోయాడు.

మూడో రోజు తిరుపాలయ్యకు పిలుపు వచ్చింది. సభలో రాజు నీళ్ల పళ్లెంలో నిలబడి ఉన్నాడు. కాలివేళ్లు నాని ముడతలు పడ్డాయి. పక్కన నడుమెత్తు జవాబుల కుప్ప.

“బట్టతల ఉందని రాసింది నువ్వేనా? ఆ సంగతి నాకెందుకయ్యా?”

“తమరే అడిగారు కదా ప్రభూ.”

“నేనా! ఎప్పుడు?”

“బుధవారం.”

రాజు మంత్రి వైపు తిరిగాడు. “ఇతని జుట్టు గురించి నేను అడిగానా, గుండనా?”

“తమరు కాదు ప్రభూ. తమరి ముద్ర అడిగింది.”

“ముద్ర నాదే కదా?”

“తమరిదే.”

“అయితే నేనే అడిగానా?”

“అడగలేదు ప్రభూ.”

రాజుకు తల తిరిగింది. “రెండు రోజులుగా నిలబడే ఉన్నాను. వేడన్నం తిని ఎరగను. నీకేం కావాలో ఒక్క ముక్కలో అడిగి చావొచ్చు కదయ్యా!”

“అడిగాను ప్రభూ. మొన్ననే రాసి పంపాను. ఆ కుప్పలోనే ఉంది.”

రాజు కుప్ప మీద పడ్డాడు. రథం, పట్టుచీర, బట్టతల, మళ్లీ రథం. మంత్రి కూడా పంచె ఎగ్గట్టి మోకాళ్ల మీద కూర్చున్నాడు. భటులూ తలో చెయ్యి వేశారు. ఎంతసేపటికో అడుగున దొరికింది. ‘నీళ్ల వంతు లేఖ కనపడక నా తోట ఎండుతోంది. ఒక్క పూట నీళ్లు ఇప్పించండి.’

“ఇంత ముఖ్యమైన మాట! ఈ చెత్తలో పడి నా కంటికి ఆనలేదేమయ్యా!”

“నాకూ అలాగే ఆనలేదు ప్రభూ.”

రాజు చేతిలోని లేఖను చూశాడు, కుప్పను చూశాడు, నానిన తన కాళ్లను చూసుకున్నాడు. ఉన్నట్టుండి పగలబడి నవ్వాడు. నవ్వి నవ్వి పళ్లెం తన్నేశాడు.

“ఇక రాజకార్యానికి తప్ప నందిముద్ర పడకూడదు. వర్తకుల లేఖ వద్దన్న ఇంటికి అది వెళ్లకూడదు. ఇతని తోటకు ఈ పూటే నీళ్లు వదలాలి. గుండనా, నీరుగంటికి లేఖ రాసి పంపు!”

“లేఖ వద్దు ప్రభూ!” తిరుపాలయ్య చేతులు జోడించాడు. “మనిషిని పంపి నోటితో చెప్పించండి. తోట బతుకుతుంది.”

రాజు మళ్లీ నవ్వాడు. తన చేతి బంగారు కడియం ఆయనకు తొడిగి, నీరుగంటికి కబురు చెప్పమని తన రౌతు వెనకే గుర్రమెక్కించి కాలువ గట్టుకు పంపాడు.