జంబయ్య ఎంచుకున్న వీధి

ఆ ఏడు శ్రావణంలో గోదావరికి వరదొచ్చి లంకలన్నీ మునిగిపోయాయి. ఆవుల్నీ గేదెల్నీ మనుషులు పడవలెక్కించి ఒడ్డుకు చేర్చుకున్నారు గానీ, నక్కకి పడవ కట్టేవాడెవడుంటాడు? జంబయ్య అనే నక్క ఒక అరటిబోదెను పట్టుకుని, సగం ఈది సగం కొట్టుకుపోయి, రాజమండ్రి రేవులో ఒడ్డెక్కాడు. అదే లంకలో ఉండే మచ్చమ్మ అనే కుక్క తన మూడు పిల్లల్నీ తేలుతున్న గడ్డిమోపు మీద కూర్చోబెట్టుకుని, అతని వెనకే వచ్చి చేరింది.

రాజమండ్రి తిండి తెలిసిన ఊరు. అట్టు బాగుంటుందని ఎవరైనా చెబితే ఆ ఊరివాళ్ళు ఎండలో నాలుగు వీధులు నడిచి వెళ్ళి తింటారు. బాగోకపోతే హోటలువాడు మేనమామైనా సరే రెండోసారి ఆ గుమ్మం తొక్కరు. ఈ సంగతి ఊరి కుక్కలకీ కాకులకీ తెలుసు. జంబయ్యకి తెలియదు. తెలుసుకోవాలని కూడా అతనికి తోచలేదు.

ఊళ్ళో దాదాపు ప్రతి వీధికీ ఒక కుక్కల గుంపు ఉంది. బయటివాళ్ళు ఉండాలంటే కూరగాయల మార్కెట్టులో తిరిగే ముసలి ఆబోతు బసవయ్య ఒప్పుకోవాలి. ఆయన కాబేజీ ఆకు నములుతూ ఇద్దరి గోడూ విన్నాడు.

“నీళ్ళు తీసేదాకా ఉండండి. ఖాళీగా ఉన్నవి రెండే వీధులు. పేరంటాలమ్మ పెసరట్ల బండి పెట్టే సందొకటి, అక్కడుండే ముసలి కుక్క మొన్ననే పోయింది. రెండోది కొత్త హోటలు వెనక వీధి. మూడు రోజులు తిరిగి చూసుకోండి. నాలుగో రోజు పొద్దున వచ్చి చెప్పాలి. పిల్లల తల్లి గనక మచ్చమ్మ ముందు కోరుకుంటుంది. ఇద్దరికీ ఒకే వీధి కావాలన్నా నాకు పేచీ లేదు. కానీ మాట ఇచ్చాక ఇంకో వీధిలో కాలు పెడితే మా కుక్కలు చీరేస్తాయి. నేను అడ్డం రాను.”

ఒకే వీధి అన్న మాట జంబయ్య చెవికెక్కనే లేదు. పంచుకు తినడం వాళ్ళ వంశంలో ఎవరికీ అలవాటు లేదు.

ముందు పేరంటాలమ్మ సందుకి వెళ్ళాడు. బండి చుట్టూ జనం నిలబడి తింటున్నారు. పక్కన ఉన్న తట్టలో తల పెట్టి చూస్తే అన్నీ ఖాళీ అరిటాకు ముక్కలే. చట్నీ చార కూడా లేదు. ఉల్లిపాయ పొట్టు తప్ప ముట్టుకునేదేమీ లేదు. ‘ఛీ, కక్కుర్తి జనం. ఇక్కడ ఉంటే ఆకులు నాక్కుంటూ చావాలి’ అనుకున్నాడు.

తర్వాత హోటలు వీధికి వెళ్ళాడు. అక్కడ చెత్తకుండీ నిండి, పొర్లి, రోడ్డంతా పరుచుకుని ఉంది. మడతపెట్టిన రొట్టెలు, వాటిలోంచి జారిన కూరలు, పసుప్పచ్చగా సాగే చీజు. గోడ మీద కాకిని అడిగితే చెప్పింది.

“టాకోలంటారండి వాటిని. మన పెసరట్టుకి విదేశంలో ఉన్న మేనత్త కొడుకనుకోండి. లోపల ఉప్మాకి బదులు ఇంకేవో పెడతారు. నెలయింది హోటలు పెట్టి. కుర్రకారంతా వచ్చి ఫోటోలు తీసుకుంటున్నారు.”

జంబయ్య నాలుగు రోజుల ఆకలి మీద ఉన్నాడు. అది టాకో అయినా తడిసిన చెప్పు అయినా ఆ పూట అతనికి అమృతమే. పొట్ట నేలకి తగిలేదాకా తిని ఆలోచించాడు. లంకలో పెళ్ళిభోజనాలు చూసినవాడు కదా. ఎక్కడ ఎక్కువ పారేస్తే అక్కడ ఎక్కువ వండినట్టు. ఎక్కువ వండారంటే ఎక్కువమంది వచ్చినట్టు. అంతమంది వచ్చారంటే ఊరంతటికీ మంచి తిండి ఇదే. ఇంత మంచి వీధి ఊరి కుక్కలు ఎందుకు వదిలేశాయన్న అనుమానం ఒక్కసారి వచ్చింది గానీ, వాటికి బుద్ధి తక్కువని సమాధానం చెప్పుకున్నాడు. ఇక మిగిలింది మచ్చమ్మ. ముందు కోరుకునేది ఆమె.

మూడో రోజు సాయంత్రం సన్నగా జల్లు పడుతుంటే మచ్చమ్మే అతన్ని వెతుక్కుంటూ రేవుకి వచ్చింది.

“అన్నయ్యా, మీకో మాట చెబుదామని వచ్చానండి.”

“నీకంటే ముందు నేను చెప్పాలమ్మా,” అన్నాడు జంబయ్య గొంతు మెత్తబరచుకుని. “ఒకే లంకలో పుట్టినవాళ్ళం. నువ్వు నాకు చెల్లెలితో సమానం. ఆ హోటలు వీధి వైపు మాత్రం పోకు. వంటవాడు మరిగే నూనె తెచ్చి వెనక పారబోస్తాడు. నిన్న నా తోక కాలాల్సింది, కొద్దిలో తప్పింది. పైగా మోటారు సైకిళ్ళు. పెద్దవాణ్ణి, నేనే తప్పుకోలేకపోతున్నాను, నీ పిల్లలేం తప్పుకుంటాయి?”

“నిజంగానాండి?”

“ఈ కళ్ళతో చూశాను.”

మచ్చమ్మ కాసేపు అతని మొహం వైపు, కాసేపు అతని నిండు పొట్ట వైపు చూసింది. “మరి మీరేం చేస్తారండి?”

“నాదేముందమ్మా, ఒంటిగాణ్ణి. ఆ నూనే బళ్ళూ నేనే పడతాను. నువ్వు ఆ పేరంటాలమ్మ సందులో చల్లగా ఉండు.”

“మీరు చెప్పాలనుకున్నది ఇంతేనాండి?”

“ఇంతే.”

“సరేనండి,” అని ఆమె పిల్లల్ని పిలుచుకుని వెళ్ళిపోయింది. జంబయ్య నవ్వాపుకోలేక నీళ్ళ వైపు తిరిగాడు.

మర్నాడు పొద్దున మచ్చమ్మ పేరంటాలమ్మ సందు కోరుకుంది. బసవయ్య నక్క వైపు తిరిగాడు.

“హోటలు వీధేనా నీకు?”

“మిగిలింది అదేగా తాతగారూ. నా రాత,” అని నిట్టూర్చాడు జంబయ్య.

మొదటి వారం పండగలా గడిచింది. రెండో వారానికి కుండీ పొర్లడం మానేసింది. జంబయ్య అడుగుదాకా దిగి వెతుక్కోవాల్సి వచ్చింది. ఊళ్ళో ఫోటో తీసుకోవాల్సినవాళ్ళంతా తీసేసుకున్నట్టున్నారు. మూడో వారంలో ఒక మధ్యాహ్నం ఇద్దరు కూలీలు నిచ్చెన వేసి బోర్డు దింపారు. షట్టరు పడింది. వీధిలో వాన తప్ప ఇంకేమీ లేదు.

జంబయ్య మూడు రోజులు ఆ షట్టరు ముందు పడుకున్నాడు. ఎటు కదిలినా కుక్కలు పళ్ళు చూపించాయి. గోదావరి చూస్తే తగ్గినట్టే తగ్గి మళ్ళీ పెరిగింది. కళ్ళు తిరుగుతుంటే నాలుగో రోజు తెల్లారగానే, కుక్కలు ఇంకా నిద్రలో ఉండగా గోడల వెంట పేరంటాలమ్మ సందు మొదటికి వచ్చి, హద్దు దాటకుండా నిలబడి పిలిచాడు.

మచ్చమ్మ వచ్చింది. పిల్లలు నున్నగా, బలంగా ఉన్నాయి.

“ఇక్కడ తట్టలో ఏమీ ఉండేది కాదు కదమ్మా,” అన్నాడు జంబయ్య. “ఎలా సాకుతున్నావు?”

“ఇప్పుడూ ఉండదండి. పెనం మీద మొదటి అట్టు సరిగ్గా రాదు కదా, అది పేరంటాలమ్మ గారు మా ముందు వేస్తారు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. నిలబడి తినేవాళ్ళు పిల్లల్ని చూసి తలో ముక్కా వేస్తారు. రోజూ జనం ఉంటారు గనక రోజూ మాకూ ఉంటుంది.”

“నీ అదృష్టం. నేను ఆ మాటలు చెప్పబట్టి నీకిది దక్కింది.”

“కాదండి. నేను ముందే ఇది అనుకున్నాను. మీరు కుండీ చూశారు. నేను తినేవాళ్ళ మొహాలు చూశాను. హోటల్లో ఒక ముక్క కొరికి పారేసి పోతున్నారు. ఇక్కడ ఆకు తుడుచుకుని తిని, మర్నాడు ఇంకొకణ్ణి వెంటబెట్టుకుని వస్తున్నారు. కుండీ నిండిందంటే ఎవరికీ నచ్చలేదనే కదండీ.”

జంబయ్య అడిగాడు. “అంతా తెలిసి, నేను నూనె అనీ బళ్ళనీ చెబుతుంటే సరేనన్నావెందుకు?”

జవాబు చెప్పినప్పుడు మచ్చమ్మ గొంతులో కోపం లేదు. అదే అతనికి కష్టమనిపించింది.

“ఆ రోజు నేను మీ దగ్గరికి వచ్చింది ఈ సంగతి చెబుదామనేనండి. ఆ వీధి నిలవదు, ఈ సందు ఇద్దరికీ సరిపోతుంది, కలిసి వెళ్ళి తాతగారిని అడుగుదాం అని. నేను నోరు తెరిచేలోపు మీరు మొదలుపెట్టారు. నా పిల్లల పేరు చెప్పి నాకే అబద్ధం చెబుతుంటే, ఇంక మీ పక్కన వాటిని ఎలా పడుకోబెడతానండి?”

“ఇప్పుడు అడగొచ్చు కదమ్మా తాతగారిని.”

“మాట ఇచ్చేశాం కదండి,” అంది మచ్చమ్మ.

ఆమె బండి దగ్గరికి వెళ్ళి, ఆ పూట మొదటి అట్టులో సగం నోట కరుచుకొచ్చి హద్దుకి అవతల, అతని కాళ్ళ ముందు పెట్టి వెళ్ళిపోయింది. అల్లం, పచ్చిమిరపకాయ, జీలకర్ర. నాలుక మీద పడగానే జంబయ్యకి తెలిసిపోయింది, ఊరంతటికీ మంచి అట్టు ఇదేనని. మిగిలిన ముక్క నోట కరుచుకుని, మూసిన షట్టరు వైపు వెనక్కి నడిచాడు.

మోసం చేయాలనే తొందరలో ఉన్నవాడు తన మేలు కోరి చెప్పే మాట వినకుండానే పోగొట్టుకుంటాడు.