ఆగని సర్వీసు

“మాస్టారూ, ఆ రోజు నా సర్వీసు ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఇందులో నా తప్పేమిటండీ?” అని సుభాషిణి అడిగింది.

భుజంగరావు మాస్టారు విజయనగరంలో సర్వర్ల పని నేర్పుతారు. ఏ ప్రశ్నకీ తిన్నగా జవాబు చెప్పిన పాపాన పోలేదాయన. చెప్పులు వేసుకుని “పద” అంటారు, అంతే. శిష్యులు గొణుక్కుంటూ వెంట నడవాల్సిందే.

ఆ అమ్మాయి చేసిన పని ఇదీ. వాగుల మీద జనం దాటే చప్టాల దగ్గర నీటిమట్టం కొలిచే పరికరాలున్నాయి. అవి పంపే కొలతలను అందుకుని, వరదల ఆఫీసు గోడమీది డాష్‌బోర్డు తెరకి అందించే సర్వీసు ఆమెది. నీరు తక్కువుంటే తెరమీద పచ్చదీపం, పెరిగితే ఎర్రదీపం. ఎర్రదీపం పడగానే ఆఫీసువాళ్ళు ఊళ్ళోకి ఫోను చేస్తారు, కావలిమనిషి చప్టాకి అడ్డంగా గొలుసు కడతాడు. మొదట్లో కొలత అందనప్పుడు తెరమీద ‘సమాచారం లేదు’ అని వచ్చేది. పెద్ద అధికారులు చూస్తే పరువు పోతుందని ఆఫీసువాళ్ళు గోలపెట్టారు. సుభాషిణి కూడా విసిగిపోయి, కొత్త కొలత రాకపోతే పాతదే చూపించేలా మార్చేసింది. అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకోరూ మరి!

శ్రావణంలో వానలు పట్టుకున్నాయి. వాగు పొంగి, కొలిచే పరికరాన్నే పెకలించుకుపోయింది. తెరమీద మాత్రం పచ్చదీపం నిక్షేపంలా వెలుగుతూనే ఉంది. ఎవరూ ఫోను చెయ్యలేదు, గొలుసు కట్టలేదు. పాలకేంద్రంలో పాలు పోసి ఇంటికొస్తున్న పైడమ్మ, గొలుసు లేదు కదా అని చప్టా మీద కాలు పెట్టింది. మళ్ళీ ఆవిడ ఇల్లు చేరలేదు.

విచారణ జరిగింది. తిలాపాపం తలా పిడికెడు పంచుకుని అందరూ చేతులు కడుక్కున్నారు. విచారణ కోసం ఆపించిన సర్వీసుని మళ్ళీ మొదలుపెట్టమని సుభాషిణికి కబురు వచ్చింది. ఆమెకి తిండి సహించడం లేదు, కన్ను మూతపడటం లేదు. తప్పు నీది కాదని ఎవరైనా ఒక్కమాట అంటే చాలు, బతుకుదామని ఆశ. ఆ మాట కోసమే మాస్టారి దగ్గరికి వచ్చింది పాపం.

మాస్టారు ఆమెని పైడమ్మ ఊరికి తీసుకెళ్ళారు. పైడమ్మ మొగుడు సింహాద్రి అరుగుమీద ఊరికే కూర్చుని ఉన్నాడు. వచ్చినవాళ్ళెవరో అతనికి తెలియదు.

“బాగున్నావా బాబూ?” అన్నారు మాస్టారు.

“బాగున్నామండి. రండి, కూకోండి. మంచినీల్లు తాగుతారేటి?” అంటూ సింహాద్రి లేచాడు. లోపలికి తిరిగి, “ఒలే, సెంబుతో నీల్లట్టుకురా!” అని కేకేశాడు.

కేకేశాక గుమ్మంలోనే నిలబడిపోయాడు. కాసేపటికి తనే లోపలికి వెళ్ళి చెంబు తెచ్చి ఇచ్చాడు. సుభాషిణి ఆ నీళ్ళు తాగలేకపోయింది, కింద పెట్టనూ లేకపోయింది.

తిరుగుదారిలో ఆమె ఏడుస్తూనే ఉంది. “మళ్ళీ ‘సమాచారం లేదు’ అనే పెడతానండీ. కానీ ఆఫీసువాళ్ళు ఊరుకోరు.”

“ఊరుకోరు” అన్నారు మాస్టారు.

“ఊరుకున్నా ఆవిడ రాదు కదండీ.”

మాస్టారు నడుస్తూనే అడిగారు.

“బాగున్నామన్నాడు కదా, నమ్మావా?”

“లేదండీ.”

“ఏం?”

“ముఖం చూశాను కదండీ.”

మాస్టారు కండువాతో కళ్ళు తుడుచుకున్నారు.

“మరి నీ తెరమీద పచ్చదీపం చూసినవాళ్ళకి, చూడ్డానికి ముఖమేదమ్మా?”