తిలోత్తమ ఇంటి అద్దం

"మాష్టారూ, తిలోత్తమకి చెప్పి నాకు చెప్పకుండా దాచుకున్న విద్య ఏమిటి?" అని ప్రసూన నిలదీసినప్పుడు భుజంగరావు గారు పెన్సిలు చెక్కుకుంటున్నారు. అడిగినదానికి నేరుగా జవాబు చెప్పే అలవాటు ఆయనకు ఎన్నడూ లేదు. పెన్సిలు మొన ఊదుకుని, "ఆదివారం మీ ఇంటికి భోజనానికి వస్తాను. పప్పుచారు పెట్టు" అన్నారు.

విశాఖపట్నంలో ఇళ్ళ ప్లాన్లు గీసేవాళ్ళలో ఆయనది వేరే దారి. తెల్లటి గోడలు, తిన్నని గీతలు, అంతే; సీలింగు మీద పువ్వులూ లతలూ ఉండవు. పని చెయ్యని వస్తువు ఇంట్లో ఉండకూడదనేవారు. ఇల్లు మరీ ఆస్పత్రిలా అయిపోకుండా ఒక్క పాత వస్తువుకి మాత్రం చోటివ్వమనేవారు, అదీ పని చేసేదైతేనే. మెచ్చుకోవడంలో పరమ పిసినారి. "బాగుందమ్మా" అన్న ఆ ఒక్క మాట కోసం ఆయన శిష్యులం ఏళ్ళ తరబడి కాచుక్కూచునేవాళ్ళం.

ఆ మాట తిలోత్తమకి దక్కింది. ప్రసూనా, తిలోత్తమా బీచి రోడ్డులో ఒకే అంతస్తులో ఎదురెదురు ఫ్లాట్లు కొనుక్కున్నారు. కొలతలు ఒకటే, గుమ్మాలు ఒకదానికొకటి సూటిగా ఉంటాయి. ప్రసూన హాలు చివర పెద్ద కిటికీ, దాని నిండా సముద్రం. తిలోత్తమది వెనక వైపు. పక్క బిల్డింగు ఆనుకుని లేవడంతో ఆమె హాలు చివర ఉత్త గోడ మిగిలింది. ఆ గోడకి ఒక పాత బెల్జియం అద్దం తగిలించింది. టేకు చట్రం, అంచుల్లో పాదరసం పూత పోయి నల్లటి మచ్చలు. గృహప్రవేశం నాడు రెండిళ్ళ తలుపులూ బార్లా తెరిచి ఉన్నాయి. మాష్టారు అద్దం ముందు కొంచెం పక్కగా నిలబడి, చాలాసేపు చూసి, "బాగుందమ్మా" అన్నారు.

ఆ పూట ప్రసూనకి అన్నం సయించలేదు. మాష్టారి దగ్గర ముందు చేరింది తను. తిలోత్తమకి స్కేలు పట్టుకోవడం నేర్పింది తను. తన ఇంటికొచ్చి నోరు విప్పని మనిషి అక్కడ అంతసేపు నిలబడిపోతాడా? కళ్ళు కుట్టాయి, కడుపు మండింది. అసూయ అని మేమంటే ఒప్పుకునేది కాదు, న్యాయం అనేది. ఏదో వంకతో తిలోత్తమ ఇంటికి వెళ్ళి, ఆమె వంటింట్లో ఉండగా, టేపు తీసి ఆ చట్రాన్ని కొలుచుకొచ్చింది. అద్దంలోకి మాత్రం చూడలేదు. తన మొహం తనకే నచ్చని రోజులవి.

మాష్టారు భోజనానికి వస్తానన్న మర్నాడే పాత సామాన్ల దుకాణాలన్నీ గాలించి, తిలోత్తమ దానికన్నా జానెడు పెద్ద అద్దం సంపాదించింది. ఎక్కడ తగిలించాలన్న అనుమానమే రాలేదు. హాలు చివరే, తిలోత్తమ తగిలించిన చోటే.

వడ్రంగి తల గోక్కున్నాడు. "ఇక్కడ కిటికీ ఉందికదమ్మా, ముయ్యమంటారేటి?"

"ముయ్యమనే చెబుతున్నాను" అంది ప్రసూన. ప్లైవుడ్ కొట్టించి, తెల్ల రంగు వేయించి, దాని మీద అద్దం ఎక్కించింది.

ఆదివారం మాష్టారితో నేనూ వెళ్ళాను, పప్పుచారు మీద ఆశతో. మిట్టమధ్యాహ్నం హాల్లో ట్యూబులైటు వెలుగుతోంది. మాష్టారు కూర్చున్న చోటికి అద్దంలో ఫ్రిజ్జూ, బాత్రూం తలుపూ కనిపిస్తున్నాయి. ఆయన తలవంచుకుని తిన్నారు. చివరి ముద్ద మింగి, "బాగుందమ్మా" అన్నారు.

ప్రసూన మొహం వెలిగింది. "అద్దమా, మాష్టారూ?"

"పప్పుచారు."

పాపం ప్రసూన! అన్నేళ్ళు ఎదురుచూసిన మాట అలా వచ్చి పడితే ఎవరికైనా ఏడుపొస్తుంది. మాష్టారు అదేమీ పట్టించుకోకుండా చెయ్యి కడుక్కుని, ప్రసూనని వెంటబెట్టుకుని, ఆమె తలుపు తీసే ఉంచి, ఎదురింటి బెల్లు కొట్టారు. తిలోత్తమ తలుపు తీసింది. ఆమె అద్దంలో ప్రసూన హాలు కనిపించింది. ట్యూబులైటు, ఖాళీ కంచాలు, ఆ చివర తెల్లటి ప్లైవుడ్ మీద ఇంకో అద్దం.

"ఈ అద్దం సంగతి మీకు చెప్పాలనే అనుకుంటున్నా మాష్టారూ" అంది తిలోత్తమ దిగులుగా. "మా రెండు తలుపులూ తీసుంటే అక్క కిటికీలోని సముద్రమంతా ఇందులోకి వచ్చేసేది. ఆ ఆశతోనే దీన్నిక్కడ పెట్టుకున్నా. ఈమధ్య ఏమైందో, రావడం మానేసింది."

ప్రసూన ఆ అద్దంలోకి మొదటిసారి చూసింది. చూసి, వెనక్కి తిరిగి తన ఇంటి వైపు చూసింది.

మాష్టారు చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ, "ఆ రోజు నేను బాగుందన్నది దేన్ని అనుకున్నావమ్మా, ప్రసూనా?" అన్నారు.